మంచుబండి మొరాయించినప్పుడు

మన దేశమున ఎద్దు మొరాయించినచో బండివానికి ఒక పూట ఆలస్యమగును. దారిలో మోటారు ఆగినచో చెట్టునీడను కూర్చుండి మఱియొక బండికై ఎదురుచూతుము. కాని ఆగిన బండిని తిరిగి నడిపించుకొనలేనివాని ప్రాణమునకే ముప్పు వచ్చు ప్రదేశములు ఈ భూమిమీద కొన్ని గలవు. అట్టి యొక ప్రదేశమున, కెనడా దేశపు ఉత్తర భాగమునందలి యెల్లోనైఫ్ పట్టణములో, నేను కొంతకాలము యంత్రముల మరమ్మతుశాలలో పనిచేసితిని. అచ్చటి ప్రజలు శీతకాలమున వాడుకొను మంచుబండి మిక్కిలి చలిలో ఏల మొరాయించునో, అప్పుడు ఏమి చేయవలెనో ఈ దినము మీతో ముచ్చటింపదలచితిని.

మంచుబండిని ఆంగ్లమున స్నోమొబైల్ అందురు. దానికి ముందు చక్రములకు బదులు మంచుపై జారు రెండు పలకలు, వెనుక చక్రమునకు బదులు గిఱ్ఱున తిరుగు వెడల్పైన రబ్బరు పట్టీ ఉండును. మోటారుసైకిలుపై వలె కూర్చుండి, చేతిపిడితో మలపుచు నడుపుదురు. వెనుక ఒక జారుబండిని కట్టి కట్టెలు, చేపలు, మనుష్యులు, ఏది కావలసిన దానిని లాగింతురు.

ఈ వాహనము వినోదముకొఱకు పుట్టినది కాదు. క్విబెక్ రాష్ట్రమునందలి వాల్‌కోర్ట్ గ్రామమున జోసెఫ్ ఆర్మండ్ బొంబార్డియే అను యంత్రకారుడు ఉండెను. 1934వ సంవత్సరపు శీతకాలమున ఆయన రెండేండ్ల కుమారునకు కడుపులో వ్యాధి ముదిరినది. దారులన్నియు మంచుతో మూసికొనిపోయినవి. ఆసుపత్రికి చేర్చు సాధనము లేక ఆ బిడ్డ మరణించెను. మంచుపై నడచు బండిని చేయవలెనని చిన్ననాటినుండియు శ్రమించుచున్న ఆయన 1937లో పండ్లచక్రముతో తిరుగు పట్టీకి పేటెంటు పొందెను. తొలుత చేసినవి ఏడుగురు కూర్చుండదగిన పెద్ద బండ్లు. ఒకరిద్దరు ఎక్కదగిన తేలికబండి 1959లో వెలువడినది. 1968 ఏప్రిల్ మాసమున రాల్ఫ్ ప్లేస్టెడ్ అను అమెరికా దేశీయుడు తన తోడివారితో ఇట్టి బండ్లమీదనే ఉత్తరధ్రువమును చేరెను. నేడు ఉత్తర కెనడాలోను, అలాస్కాలోను, లాప్లాండులోను దారిలేని పల్లెలకు ఇదియే దారి. మంచుగడ్డ క్రింది వలలు చూచుకొనుటకును, రెయిన్ డీరు మందలను కాచుటకును, చుట్టములను చూచి వచ్చుటకును ఇదియే ఆధారము.

ఇక ఇంజను మాట. ఏ పెట్రోలు ఇంజనుకైనను మూడు కావలెను. మొదటిది, తగిన పాళ్లలో కలిసిన పెట్రోలు ఆవిరియు గాలియు. తూకమున పెట్రోలు ఒక పాలైనచో గాలి సుమారు 15 పాళ్లు. రెండవది, ఆ మిశ్రమమును పిస్టను సిలిండరులో గట్టిగా అదుముట. మూడవది, అదిమిన క్షణమున స్పార్కు ప్లగ్గు కొనయందు పుట్టు నిప్పురవ్వ. ఈ మూటిలో ఏది లోపించినను ఇంజను నడువదు. ఏది లోపించినదో వరుసగా వెదకి పట్టుకొనుటయే మరమ్మతు. వరుస తప్పి వెదకువాడు మంచి భాగములను విప్పి పాడుచేసి, చెడిన భాగమును అట్లే విడుచును.

మంచుబండ్లలో పెక్కింటికి రెండు స్ట్రోకుల ఇంజను ఉండును. కొన్నేండ్ల క్రిందట మన వీధులలో నీలిపొగ విడుచుచు తిరిగిన స్కూటర్లకు ఉండినది ఈ జాతి ఇంజనే. దానికి నూనె వేఱుగా అడుగున నిలిచియుండదు. పెట్రోలుతో కూడ లోనికి పోయి, పిస్టనును తడిపి, కాలిపోవును. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు; ముందు దీనితో పని కలదు.

మొదట ఉదయమున బండి కదలకపోవుటను విచారింతము. యెల్లోనైఫ్‌లో జనవరి మాసమున సున్నకు దిగువ 30 డిగ్రీల చలి సాధారణము. 40 డిగ్రీలును అరుదు కాదు. ధనుర్మాసమున మన యిండ్లలో నేయి పేరుకొని గరిటెకు లొంగకుండుట మీరెఱుగుదురు. ఆ చలిలో ఇంజను నూనెలు అట్లే చిక్కబడి, లోని భాగములను పట్టి ఉంచును. బ్యాటరీ బలమును సగము తగ్గిపోవును. సున్నకు దిగువ 18 డిగ్రీలకే సీసపు బ్యాటరీ తన శక్తిలో సుమారు సగమే ఈయగలదు. నిండుగా ఎక్కించిన బ్యాటరీ అచ్చటి చలికి ఓర్చుకొనును గాని, ఖాళీయైనది సున్నకు కొన్ని డిగ్రీల దిగువనే గడ్డకట్టి పగిలిపోవును. కావున అచ్చట చాలమంది రాత్రులందు బ్యాటరీని విప్పి యింటిలోనికి తెచ్చుకొందురు. చేతితో లాగి ఇంజనును త్రిప్పు త్రాడును ఎన్నడును నిర్లక్ష్యము చేయరు.

పెట్రోలు సంగతి వేఱు. అది ఆ చలిలో గడ్డకట్టదు. కాని ఆవిరియగుటకు నిరాకరించును. మన వేసవిలో నేలపై ఒలికిన పెట్రోలు చూచుచుండగనే ఎగిరిపోవును. అచ్చట నీటివలె నిలిచియుండును. మండునది ఆవిరియే గాని ద్రవము కాదు. అందుచేత చోకును మూసి, గాలిని తగ్గించి, పెట్రోలును హెచ్చుగా పంపవలెను. అందులో కొంతయైనను ఆవిరియై అంటుకొనును. అంటుకొనిన పిదప చోకును మెల్లమెల్లగా విడువవలెను.

తొందరపాటు మనుష్యుడు ఇచ్చటనే తప్పు చేయును. చోకు మూసి, త్రాటిని పదేపదే లాగి, సిలిండరును పెట్రోలుతో నింపివైచును. అప్పుడు ప్లగ్గు తడిసి రవ్వ పుట్టదు. అట్లయినప్పుడు ప్లగ్గును విప్పి చూడవలెను. వైద్యునకు నాడి యెట్టిదో ఇంజను బాగుచేయువానికి ప్లగ్గు అట్టిది. అది పొడిగా ఉన్నచో పెట్రోలు రాలేదని అర్థము; ట్యాంకునుండి కార్బ్యురేటరు వఱకు వెదకవలెను. తడిగా ఉన్నచో పెట్రోలు వచ్చినది. రవ్వ లేదు, లేదా పెట్రోలు మితిమీరినది. అప్పుడు చోకును విడిచి, యాక్సిలరేటరును పూర్తిగా తెఱచి, ప్లగ్గు లేకయే త్రాటిని కొన్నిమారులు లాగినచో నిలిచిన పెట్రోలు బయటికి పోవును. తరువాత ఆఱిన ప్లగ్గును బిగింపవలెను. అచ్చటి అనుభవశాలులు ఒక క్రొత్త ప్లగ్గును కోటు లోపలి జేబులో ఒంటి వెచ్చదనముననే ఉంచుకొందురు.

ఇన్నిటికంటె ముందు చూడవలసినవి మఱి రెండు గలవు. బండిపై ఇంజనును ఆపు మీట యొకటి యుండును. నడుపువాడు పడిపోయినచో ఇంజను దానంతట ఆగుటకు అతని కోటునకు తగిలించు త్రాడొకటి యుండును. కార్బ్యురేటరును ముక్కలు ముక్కలుగా విప్పి సంచిలో వేసికొని మా శాలకు వచ్చినవారిలో, ఈ త్రాడు తగిలింపని వారిని నేను ఒకటికంటె ఎక్కువమారులు చూచితిని. రెండవది యాక్సిలరేటరు మీట. రాత్రి లోపల చేరిన మంచుపొడి గట్టిపడినచో అది తెఱచిన చోటనే నిలిచిపోవును; ఇంజను అంటుకొనగనే బండి మన చేతిలో నుండదు. త్రాటిని లాగుటకు ముందు ఆ మీట నొక్కి విడిచి, తిరిగి స్వస్థానమునకు వచ్చుచున్నదో లేదో తప్పక చూడవలెను.

ఇక దారిలో ఆగిపోవుట. దీనిని గూర్చి నాకు బుద్ధివచ్చిన దినము ఒకటి కలదు.

ఒక జనవరి మాసపు తొలివారమున గ్రేట్ స్లేవ్ సరస్సుపై వలలు చూచుటకు ఒక వృద్ధునితో పోయితిని. ఆయన ఆ ప్రాంతపు ఆదిమ నివాసులైన డెనే జాతివాడు. నేను బండి నడుపుచుంటిని. ఆయన వెనుక జారుబండిలో కూర్చుండెను. పట్టణమునకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున ఇంజను స్వరము మాఱినది. అంతవఱకు గొణగుచున్నది ఒక్కసారిగా సన్నని గొంతుతో పాడసాగినది. బండి మునుపటికంటె చురుకుగా పరుగెత్తినట్లు తోచినది. నా మరమ్మతు ఫలించినదని నేను సంతసించితిని. వెనుకనుండి వృద్ధుడు ఆపుమని కేకవేసెను. గాలిహోరులో వినబడనట్లు నటించి నేను పోనిచ్చితిని. మఱి రెండు నిమిషములకు ఇంజను రెండుమారులు దగ్గి ఆగిపోయినది.

నేను వెంటనే త్రాటిని లాగ మొదలిడితిని. ఇరువదిమారులు లాగియుందును. ఆయన వచ్చి నా చేయి పట్టుకొని, "చెమట పట్టనీయకు నాయనా. చెమట గడ్డకట్టినచో నీవును ఈ బండివలెనే ఆగిపోదువు" అనెను. పిదప ఆయన ఇంజను వంక చూడనైన చూడలేదు. జారుబండిని గాలికి అడ్డముగా త్రిప్పి, దానిపై గుడ్డ కట్టి మఱుగు చేసెను. చిన్న పొయ్యి వెలిగించి, మంచు కరగించి తేనీరు కాచెను. ఆ దినములలో అచ్చట మధ్యాహ్నము మూడు నాలుగు గంటల నడుమనే ప్రొద్దు క్రుంకును. అప్పటికి పండ్రెండు దాటినది. నా మనస్సు ఆ గడియారముపైననే యుండెను. ఆయన మాత్రము తేనీరు త్రాగి ముగించువఱకు లేవలేదు.

తరువాత ఆయన మొదట పొయ్యిని ఆర్పివేసెను. పెట్రోలు గొట్టము విప్పబోవుచోట మంట ఉండరాదు గదా. నన్ను ప్లగ్గు విప్పుమనెను. అది పూర్తిగా పొడిగా ఉన్నది. దాని పింగాణి కొన, ఉండవలసిన తేనీటి రంగున గాక, సున్నమువలె తెల్లగా ఉన్నది. పొడితనము పెట్రోలు రాలేదని చెప్పినది. తెలుపు, ఆగుటకు ముందు కొంతసేపటినుండియే అది చాలలేదని చెప్పినది. గొట్టమును విప్పి చూడగా పెట్రోలు బొట్టుబొట్టుగా కాఱుచున్నది. వడపోత గిన్నెలో చక్కెర పలుకులవంటి మంచు పేరుకొని యున్నది.

పెట్రోలులో మంచు ఎక్కడిది? అది నా చేతిపనియే. ప్రతి సాయంకాలము నేను సగము ఖాళీయైన ట్యాంకుతో బండిని వెచ్చని శాలలోనికి తెచ్చి నిలుపుచుంటిని. తడిగల వెచ్చని గాలి ట్యాంకులో ప్రవేశించి, చల్లని గోడలు తాకి నీరగును. నీరు పెట్రోలుకంటె బరువైనది గనుక అడుగునకు చేరును. మఱునాటి చలిలో గడ్డకట్టి గొట్టములకు అడ్డుపడును. సాయంకాలముననే ట్యాంకును నిండుగా నింపినచో గాలికి చోటుండదు, నీరును చేరదు. బండిని బయటనే యుంచుటయు మేలే. బండికి వెచ్చదనము మేలని నేననుకొంటిని. చల్లని వస్తువును వెచ్చని గదిలోనికి తెచ్చినచో చెమ్మగిల్లునన్నది మఱచితిని.

కెటిలులో మిగిలిన వేడినీటిని ఒక సీసాలో పోసి ఆ వడపోతకు ఆనించి యుంచితిమి. మంచు కరగినది, నీటిని విదిలించి పాఱబోసితిమి. జారుబండిలో నున్న ఐసోప్రొపైల్ ఆల్కహాలును కొంచెము ట్యాంకులో పోసితిమి. అది నీటితో కలిసి, గడ్డకట్టనీయక, పెట్రోలుతో పాటు ఇంజనులోనికి కొనిపోవును. ఆఱవమారు లాగగనే ఇంజను పలికినది.

ఆ సన్నని పాటను గూర్చి ఆయనను అడిగితిని. ఆయన శాస్త్రము చదివినవాడు కాడు. ఆకలిగొన్న ఇంజను అట్లే యఱచునని మాత్రము చెప్పెను. అది నిజము. పెట్రోలు తగ్గి గాలి హెచ్చినప్పుడు ఆ మిశ్రమము మిక్కిలి వేడిగా కాలును. చల్లబఱచు పెట్రోలు తడి లేదు. రెండు స్ట్రోకుల ఇంజనులో పెట్రోలుతో వచ్చు నూనెయు తగ్గును. పిస్టను కొన కరగి రంధ్రము పడవచ్చును, లేదా సిలిండరులో బిగిసిపోవచ్చును. నేను మఱి నాలుగైదు కిలోమీటర్లు అట్లే పోయియుండినచో, దానిని ఆల్కహాలుగాని తేనీరుగాని బాగుచేయలేకపోయెడివి.

మీరు గ్రహింపవలసిన ముఖ్యవిషయమిదియే. అంత చలిలో ఇంజనులు చలిచేత చెడుటకంటె వేడిచేత చెడుట ఎక్కువ. ఇది వింతగా తోచును గాని కారణము సులభము. చల్లబడిన కొలది గాలి దట్టమగును. సున్నకు దిగువ 40 డిగ్రీలయందలి గాలి, 20 డిగ్రీల గాలికంటె పరిమాణమునకు నాలుగవ వంతు ఎక్కువ బరువు. కార్బ్యురేటరు పెట్రోలును ఒకే రంధ్రముగుండ పంపుచుండును. గాలి మాత్రము బరువై వచ్చుచుండును. పాళ్లు తప్పి పెట్రోలు చాలదగును. కావున కార్బ్యురేటరు గల బండ్లకు, చలి ముదిరినప్పుడు, తయారుచేసినవారి పట్టికను చూచి పెద్ద రంధ్రము గల జెట్టును మార్చవలెను. క్రొత్త బండ్లలో గాలి వేడిమిని కొలిచి పెట్రోలును తామే సరిదిద్దుకొను ఏర్పాటు కలదు. కాని గొట్టములో మంచు అడ్డుపడినచో వానికిని ఉపాయము లేదు.

ఇట్టిదే రెండవ చిక్కు. ఇంజను అంటుకొనగనే వేగముగా పరుగెత్తించినచో పిస్టను ముందు వేడెక్కును. అది అల్యూమినియముతో చేసినది. అల్యూమినియము వేడికి ఇనుముకంటె సుమారు రెండింతలు వ్యాకోచించును. చుట్టునున్న సిలిండరు ఇంకను చలిలోనే ముడుచుకొనియుండును. ఉబ్బిన పిస్టను ఇఱుకున పడి గీసికొనిపోవును. కొన్ని నిమిషములు ఊరక తిరుగనిచ్చి, సిలిండరు చేతికి వెచ్చగా తగిలిన పిదపనే మెల్లగా కదలవలెను.

మూడవది మఱియు విచిత్రము. నీటితో చల్లబడు ఇంజన్లలో ఆ నీరు బండి క్రింది రేకులలో ప్రవహించును. తిరుగు పట్టీ ఎగజిమ్ము మంచు ఆ రేకులకు తగిలి చల్లబఱచును. గాలి మంచునంతను ఊడ్చివేసిన సరస్సుపై నున్నని గడ్డ తప్ప మంచుపొడి ఉండదు. అప్పుడు సున్నకు దిగువ 30 డిగ్రీల చలిలోను ఇంజను కాగిపోవును. పట్టీ నడచు పట్టాలకు అమర్చిన ప్లాస్టిక్ పలకలును, తడిపెట్టు మంచు లేక, కరగిపోవును. వెంటనే మెత్తని మంచున్న అంచునకు బండిని మలపవలెను. గడ్డను గీకి పొడిని లేపు చిన్న ఇనుపకొక్కెములను అందులకే కొందఱు అమర్చుకొందురు.

ఇంజను చక్కగా నడచుచున్నను బండి కదలని సందర్భములు గలవు. రాత్రి పట్టీ నేలకు అతుకుకొనిపోవును. అప్పుడు యాక్సిలరేటరును నొక్కుటవలన ఇంజను బలమును చక్రమునకు చేర్చు రబ్బరు బెల్టు కాలిపోవును. ఇంజనును ఆపి, బండి వెనుకభాగమును ఎత్తి కుదిపి, మంచును రాలగొట్టవలెను. నిలుపునప్పుడే పట్టీ క్రింద కొమ్మలో పలకలో పఱచినచో ఈ శ్రమ తప్పును. బెల్టుకూడ చలిలో కఱ్ఱవలె బిగిసి, తొందరపెట్టినచో తెగును. మఱియొక బెల్టు లేక దూరప్రయాణమునకు బయలుదేఱరాదు.

చేయరానివానిని నాలుగింటిని చెప్పెదను. మూసిన కొట్టములో ఇంజనును నడుపరాదు. దాని పొగలోని కార్బను మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు, నిద్రవలె వచ్చి చంపును. గడ్డకట్టిన గొట్టమును మంటతో కరగింపరాదు. ఈథరు చల్లి రెండు స్ట్రోకుల ఇంజనును అంటింపరాదు. అది పిస్టనుపై నున్న కొంచెము నూనెను కడిగివైచును. వట్టి చేతిపై పెట్రోలు పడనీయరాదు. సున్నకు దిగువ 40 డిగ్రీల పెట్రోలు ద్రవముగానే యుండి, చర్మమును క్షణములో గడ్డకట్టించును.

ఇన్ని చేసినను బండి పలుకకున్నచో? అప్పుడు దానిని విడిచి మంచులో కాలినడకను బయలుదేఱరాదు. నడచువాడు చెమటపట్టి అలసిపోవును. వెదకువారికి మనిషికంటె బండి సులువుగా కనబడును. బయలుదేఱునప్పుడే ఎచ్చటికి పోవుచున్నామో, ఎప్పుడు వత్తుమో ఇంటివారికి చెప్పియుండవలెను. చెప్పియుండినచో బండివద్దనే మఱుగు చేసికొని కూర్చుండుట ధైర్యము. చెప్పకపోయినచో కూర్చుండుటయు కష్టమే.

మేము ఆ సాయంకాలము చీకటిపడిన గంటకు పట్టణము చేరితిమి. దారి పొడుగునను నేను ఇంజను స్వరమును వినుచునే యుంటిని. అది మునుపటివలె గొణగుచున్నంతవఱకు నాకు ధైర్యముగ నుండెను. నాటినుండి ఆగిన ప్రతి యంత్రము నెదుటను నాకు ఆ వృద్ధుని వరుసయే జ్ఞాపకము వచ్చుచుండును. మొదట మనుష్యుని ఒడలు వెచ్చగా నుంచుట, పిదప గాలికి మఱుగు, ఆ పిదపనే యంత్రము. యంత్రములోనైనను ముందు మీటలు, తరువాత ప్లగ్గు, ఆ తరువాతనే తక్కినవి. మన తెలుగువారిలో పలువురు నేడు చదువులకును ఉద్యోగములకును అట్టి మంచుదేశములకు పోవుచున్నారు. వారి కుటుంబములవారెవరైన ఈ మాటలు వినుచున్నచో, వారికి నా మనవి యొక్కటియే: మీవారితో మాటలాడునప్పుడు, దూరము బయలుదేఱుటకు ముందు ఎవరికైన చెప్పి వెళ్లుమని జ్ఞాపకము చేయుడు.